రంగం వెళ్ళొచ్చిన మా తాత

(మొన్న మా ఊరి గ్రంథాలయంలో ఒక రిటైర్డ్ మాస్టారు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళు అడిగారని రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మాటలు ఆయనవే.)

అందరికీ నమస్కారం. వెనక వినిపిస్తోందా? ఫ్యాన్ ఆపితే ఇంకా బాగా వినిపిస్తుంది గానీ వద్దులెండి, ఈ ఉక్కలో ఫ్యాన్ ఆపితే నేను తప్ప ఎవరూ మిగలరు.

నన్ను చరిత్ర గురించి మాట్లాడమన్నారు. నేను చరిత్ర మాస్టార్ని కాదు, లెక్కల మాస్టార్ని. ముప్ఫై రెండేళ్ళు లెక్కలు చెప్పాను. ఇక్కడ ముందు వరుసలో కూర్చున్నవాళ్ళలో ఇద్దరు నా దగ్గర దెబ్బలు తిన్నవాళ్ళే, నవ్వుతున్నారు చూడండి. కాబట్టి చరిత్ర నాకు రాదు. నాకొచ్చింది ఒకటే, ఒక లెక్క చేశాక జవాబు సరిపోయిందా లేదా అని వెనక్కి వెళ్ళి తాళా చూసుకోవడం. ఇవాళ నేను చెప్పబోయేది అదే. మా తాత చెప్పిన మాటలున్నాయి. పుస్తకాల్లో తేదీలున్నాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి తాళా చూశాను. రెండుచోట్ల సరిపోయింది. ఒకచోట సరిపోలేదు. అదీ సంగతి.

ముందు ఒక్క ప్రశ్న. మీ ఇళ్ళల్లో ఎవరైనా రంగం వెళ్ళినవాళ్ళున్నారా? రంగం అంటే రంగూన్. కుర్రాళ్ళకి తెలియదేమో, బర్మా రాజధాని, ఇప్పుడు యాంగూన్ అంటున్నారు, రాజధాని కూడా అక్కడ లేదిప్పుడు. చేతులెత్తండి. ఒకటి, రెండు, మూడు... చూశారా, ఈ చిన్న హాల్లోనే తొమ్మిది చేతులు లేచాయి. మన శ్రీకాకుళం వైపు ఏ హాల్లో అడిగినా ఇలాగే లేస్తాయి. మరి మన పాఠం పుస్తకాల్లో రంగం గురించి ఒక్క పేజీ ఉందా? నేను మూడు దశాబ్దాలు స్కూల్లోనే ఉన్నాను, చూడలేదు.

మా తాత కళింగపట్నం దగ్గర పల్లెలో పుట్టాడు. ఎప్పుడు పుట్టాడో తెలియదు. 1910 అటూఇటూ అని మేం వేసిన అంచనా, ఎందుకంటే రంగం వెళ్ళేటప్పటికి మీసాలు రాలేదనేవాడు, వెళ్ళిన మరుసటేడు అక్కడ గాంధీగారిని చూశాననేవాడు. గాంధీ బర్మా వెళ్ళింది 1929 మార్చిలో. అంటే మా తాత వెళ్ళింది 1928లో. మీసాలు రాలేదంటే పదిహేడో పద్దెనిమిదో. తీసివేయండి. వచ్చిందా? అంతే. చదువు లేని మనిషి పుట్టినరోజు ఇలాగే కట్టాలి. కరువులు, తుపాన్లు, గాంధీ, ఇవే ఆయన క్యాలెండరు.

అప్పట్లో కళింగపట్నం రేవే. ఓడ ఒడ్డుకి రాదు, దూరంగా సముద్రంలో ఆగుతుంది. మనుషుల్ని పడవల్లో అలలు దాటించి ఓడెక్కించేవారు. బారువ, కళింగపట్నం, భీమిలి, విశాఖపట్నం, కాకినాడ, ఈ రేవులన్నిటి నుంచీ జనం అలా ఎక్కేవాళ్ళు. డెక్కు ప్యాసింజర్లు. పైన ఎండ, కింద ఇనప రేకు, మూడు నాలుగు రోజుల ప్రయాణం. టికెట్టు డబ్బులు ఎవరిచ్చారు? మేస్త్రీ, అంటే ఇల్లు కట్టే మేస్త్రీ కాదు, కూలీల్ని కూడగట్టి తీసుకెళ్ళేవాడు. ఇంట్లో అప్పు తీర్చుకోమని కొంచెం అడ్వాన్సు ఎవరిచ్చారు? మేస్త్రీ. అక్కడ పనెవరు చూపిస్తారు, కూలెవరు లెక్కగడతారు, అందులో ఎవరు కోసుకుంటారు? అన్నీ మేస్త్రీయే. ఓడ దిగేసరికే మనిషి బాకీలో ఉంటాడు. మా తాత ఒక మాట అనేవాడు, "నేను రంగంలో దిగలేదురా, మేస్త్రీ సంచీలో దిగినాను" అని.

ఇంతకీ ఎందుకెళ్ళారు అంతమంది? ఇక్కడ వానదేవుడి మీద ఆధారపడ్డ మెట్ట, అక్కడ ఐరావతి డెల్టా అంతా వరి. కోతలయ్యాక బియ్యం మిల్లుల్లో పని, బస్తాలు రేవుకి మోసే పని, ఓడల్లో సర్దే పని, రిక్షా లాగే పని. రిక్షాని అక్కడ లాంచా అంటారు. చేత్తో లాగేది, తొక్కేది కాదు. వీటిలో ఎక్కడ చూసినా మనవాళ్ళే. బర్మావాళ్ళు మనల్ని కోరంగీలు అనేవారు, కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీద. శ్రీకాకుళం వాడైనా కోరంగీయే, విజయనగరం వాడైనా కోరంగీయే. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ పట్నం నాలుగు లక్షలు, అందులో సగానికి పైగా ఇండియా వాళ్ళు. సగానికి పైగా! ఊరు వాళ్ళది, వీధుల్లో జనం మనవాళ్ళు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

అప్పటికి బర్మా కూడా ఇండియాలో భాగమే, ఒక రాష్ట్రం లెక్క. కాబట్టి మా తాత విదేశం వెళ్ళలేదు. రూపాయి అదే, పోస్టాఫీసు అదే, దొర అతనే. మనియార్డరు మా మామ్మ పేరున వచ్చేది. మామ్మకి పెళ్ళయిన ఏడే ఆయన వెళ్ళిపోయాడు. మామ్మ దగ్గరున్న చరిత్ర వేరే, ఆవిడ మనియార్డర్ల లెక్కే చెప్పేది, పెద్ద మనియార్డరు వచ్చిన ఏడు, రాని ఏడు అని. ఆవిడ గురించి వేరే ప్రసంగం చెయ్యాలసలు, ఇవాళ కుదరదు.

ఇప్పుడు మొదటి తాళా.

మా తాత ఒక కథ చెప్పేవాడు. మేం చిన్నపిల్లలం, వేసంకాలం రాత్రుళ్ళు అరుగు మీద పడుకుని వినేవాళ్ళం. "గాంధీని పట్టుకుపోనారు. ఆ రేత్రే భూమి అదిరిపోనాది" అనేవాడు. మేమంతా నవ్వేవాళ్ళం. మా నాన్న కూడా నవ్వేవాడు. ఎవరైనా అలాగే అనుకుంటారు కదా, గాంధీ మహాత్ముడు కాబట్టి ఆయన్ని ముట్టుకుంటే భూదేవి కోప్పడిందని ముసలాయన కల్పించుకున్నాడు, భక్తి, అంతే అనుకుంటాం. నేనూ అదే అనుకున్నాను. నలభై ఏళ్ళు వచ్చేదాకా అదే అనుకున్నాను.

తర్వాత ఒకరోజు ఏదో చదువుతుంటే కనిపించింది. ఉప్పు సత్యాగ్రహంలో గాంధీని అరెస్టు చేసింది 1930 మే 5, అర్ధరాత్రి దాటాక, దండి పక్కన కరాడీ అనే ఊళ్ళో నిద్రలో ఉండగా లేపి తీసుకెళ్ళారు. సరే. బర్మాలో పెగూ భూకంపం వచ్చింది ఎప్పుడు? 1930 మే 5. రాత్రి ఎనిమిది దాటాక. అదే రోజు! పెగూలో వందల మంది చనిపోయారు, అక్కడి పెద్ద పగోడా శిఖరం కూలిపోయింది, రంగూన్‌లో కూడా ఇళ్ళు పడి జనం పోయారు. మా తాత కల్పించలేదండీ. కల్పించింది మేము. ఆయన జరిగింది జరిగినట్టు చెబుతుంటే, దాన్ని భక్తి అని పేరుపెట్టి పక్కన పడేసింది మేము. అప్పటికి ఆయన పోయి ఇరవై ఏళ్ళు దాటింది. సారీ చెబుదామన్నా లేడు.

అక్కడితో ఆగలేదు. ఆ మే నెలలోనే రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేశారు. కొంత గాంధీ అరెస్టు వేడి, ఎక్కువ కూలి పెంచమని. అంత పెద్ద రేవు ఆగిపోయింది. ఓడల కాంట్రాక్టర్లు ఏం చేశారు? ఏ కాలంలోనైనా ఏం చేస్తారు? వేరేవాళ్ళని తెచ్చారు. అప్పటిదాకా ఆ పనికి పెద్దగా పిలవని బర్మా కూలీలని తెచ్చి పెట్టుకున్నారు. రెండు మూడు వారాలయ్యాక కూలి కొంచెం పెంచి మనవాళ్ళతో రాజీపడ్డారు. మే 26 పొద్దున్న బర్మావాళ్ళు మామూలుగా పనికొచ్చారు. వాళ్ళకి ఎవరూ ముందుగా చెప్పలేదు. వచ్చి చూస్తే తమ చోట మళ్ళీ కోరంగీలు.

ఈ ముక్క మా తాత పిల్లలకి చెప్పలేదు. నేను డిగ్రీలో ఉండగా ఒకసారి నాకు మాత్రం చెప్పాడు. బర్మా కూలీల పెళ్ళాలు మొగుళ్ళకి అన్నం గిన్నెలు పట్టుకొచ్చారట. పని లేదు పొమ్మంటే ఆ గిన్నెలు పట్టుకుని అలాగే నిలబడ్డారట. "మావోళ్ళు నవ్వీసినారు" అన్నాడు. కొంచెంసేపు ఊరుకుని, "మేం నవ్వీసినాం" అని సర్దుకున్నాడు. గమనించారా? ముందు మావోళ్ళు అన్నాడు. తర్వాత మేం అన్నాడు. యాభై ఏళ్ళు పట్టింది ఆ మాట మారడానికి.

ఆ రోజు మొదలైంది కొట్లాట. గునపాలు, కత్తులు, ఏది దొరికితే అది. వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది మన తెలుగు కూలీలే. గదికి ముప్ఫై నలభై మంది చొప్పున కుక్కుకుని ఉండే కూలీ ఇళ్ళమీద పడ్డారు. పారిపోవడానికి చోటేదీ? నిచ్చెన మెట్లకి కింద గుంపు. వేలమందిని పాత పిచ్చాసుపత్రి ఆవరణలో దాచారు. మా తాత అక్కడే ఉన్నాడు, ఎన్నాళ్ళో చెప్పలేదు. "పిచ్చాస్పత్రిలో ఉండొచ్చినోణ్ణి, నాతో పెట్టుకోకు" అని మామ్మని బెదిరించేవాడు సరదాకి. మాకు అదేదో జోకు అనుకునేవాళ్ళం. అదీ నిజమే.

మరి తప్పెవరిది? నన్నడిగితే, పొద్దున్నే రేవు గేటు దగ్గర ఇద్దరు పేదవాళ్ళని ఎదురెదురుగా నిలబెట్టి తాము ఆఫీసు గదిలో కూర్చున్నవాళ్ళది. కానీ మా తాత అలా అనలేదు. ఆయన నవ్వు దగ్గరే ఆగిపోయాడు. మేం నవ్వకుండా ఉంటే అనేవాడు. నవ్వకపోయినా జరిగేదే తాతా అని నేనన్నాను. వినలేదు.

సరే, ఇక్కడ కొంచెం వేగంగా వెళతాను, టైమవుతోంది. 1936లో ఒరిస్సా వేరే రాష్ట్రమయింది. అప్పటిదాకా మా ఊరు గంజాం జిల్లా. గంజాం అటు వెళ్ళింది, శ్రీకాకుళం వైపు తాలూకాలు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. మరుసటేడు 1937 ఏప్రిల్ 1న బర్మా ఇండియా నుంచి విడిపోయింది. నోట్ల మీద బర్మాలో మాత్రమే చెల్లుతుంది అని ముద్ర గుద్దారు. ఇప్పుడు చూడండి తమాషా. మా తాత గంజాం జిల్లా నుంచి ఇండియాలోనే ఇంకో ఊరికి వెళ్ళాడు. అక్కడే ఉన్నాడు, కదల్లేదు. ఉన్నట్టుండి ఆయన వెనక ఊరి జిల్లా మారిపోయింది, కాళ్ళకింద దేశం మారిపోయింది. ఆయనకి ఎవరైనా చెప్పారా? "చెప్పినారేమో, బస్తా నెత్తిన ఉంటే ఏటి వినబడతాది" అనేవాడు.

1935 ప్రాంతంలో తమ్ముణ్ణి కూడా రప్పించుకున్నాడు. మా చిన్న తాత. ఆయన రిక్షా లాగేవాడు, అన్నకంటే పొడుగు, పాటలు పాడేవాడట. ఆయన సంగతి మళ్ళీ వస్తాను.

బాంబులు

1941 డిసెంబరు 23. రంగూన్ మీద జపాన్ విమానాలు మొదటిసారి బాంబులేసిన రోజు. పట్టపగలు. జనానికి విమానం అంటే తెలుసు, బాంబు అంటే తెలియదు. వీధుల్లోకొచ్చి తలెత్తి చూస్తూ నిలబడ్డారు. వేలమంది అలా నిలబడి చూస్తూ చూస్తూ పోయారు. మా తాత "సంకురాత్రికి మూడు వారాలుందనగా" అనేవాడు, అది కూడా సరిపోయింది, కావాలంటే లెక్క చూసుకోండి. రెండు రోజులాగి క్రిస్మస్ నాడు మళ్ళీ వేశారు.

ఇంక పరుగు. రేవు కూలీలు, రిక్షావాళ్ళు, మిల్లువాళ్ళు, పాకీపనివాళ్ళు, ఊరిని నడిపిన జనమంతా ఊరొదిలేశారు. కూలీలు పోతే ఓడల్లో యుద్ధం సామాను దించేదెవరు? అందుకని ప్రభుత్వం వాళ్ళని ఆపడానికి చూసింది, వెనక్కి రమ్మంది. ఓడ టికెట్టు డబ్బున్నవాడికి, తెల్లవాడికి. మిగతావాళ్ళకి కాళ్ళు. అందరూ కలిపి నాలుగైదు లక్షల మంది ఇండియా వైపు బయల్దేరారని అంచనాలు, పదుల వేలమంది దారిలో పోయారు. తర్వాత తర్వాత ఉత్తరాన మణిపూర్ మీదుగా వచ్చిన దారిలోనయితే తెల్లవాళ్ళకో దారి నల్లవాళ్ళకో దారి అని పెద్ద గొడవే అయింది, కాంగ్రెస్‌వాళ్ళు అడిగారు, ఢిల్లీ నుంచి పెద్దలు వెళ్ళి చూసొచ్చారు.

మా తాతావాళ్ళు పట్టింది ఆ దారి కాదు. రంగూన్ నుంచి ప్రోమ్ అనే ఊరు, ఐరావతి ఒడ్డున. అక్కడ నది దాటితే టాంగప్ కనుమ, వందమైళ్ళకి పైగా కొండలు, నీళ్ళు లేవు. అది దిగితే అరకాన్ సముద్రతీరం, అక్కడ పడవో ఓడో పట్టుకుని అక్యాబ్, చిట్టగాంగ్, కలకత్తా, ఆ తర్వాత రైలు. ఇంకో సంగతి. ఈ నడిచినవాళ్ళలో చాలామంది జీవితంలో కొండెక్కనివాళ్ళు. బస్తా మోయడం వేరు, కనుమెక్కడం వేరు. మా తాత ఒక్క వస్తువు మోసుకొచ్చాడు, ఇత్తడి చెంబు. మిగతావి ఏవెక్కడ వదిలేశాడో వరసగా చెప్పేవాడు, దుప్పటి ఫలానా చోట, లుంగీలు ఫలానా చోట, మామ్మకి కొన్న పట్టుగుడ్డ ఫలానా చోట. ఆ జాబితా ఎన్నిసార్లు చెప్పినా మారేది కాదు.

మార్చి నెలలో ఒకరోజు పొద్దున్న మామ్మ గుమ్మం ముందు ముగ్గు వేస్తుంటే ఎవరో ముష్టివాడు నిలబడ్డాడట. చెయ్యి ఖాళీ లేదు బాబూ అందట. అతను కదల్లేదు. మిగతాది మీకు అర్థమైందనుకుంటాను.

ఇప్పుడు రెండో తాళా. తాత అనేవాడు, "జపానోడు నన్ను రంగంలో తప్పిపోనాడని ఎతుక్కుంటూ నా ఎనకాలే వచ్చినాడు" అని. ఇది కూడా కోతే అనుకున్నాం. 1942 ఏప్రిల్ 6. విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులేశాయి. అదే రోజు బంగాళాఖాతంలో మన తీరం పొడుగునా సరుకు ఓడల్ని ముంచాయి. మా తాత ఇంటికొచ్చి నెల కూడా కాలేదు. నిజంగానే వెనకాలే వచ్చారు కదా!

వైజాగ్ నుంచి జనం బళ్ళు కట్టుకుని పల్లెలకి పరుగెత్తారు. మా ఊరికీ వచ్చారు. మా అరుగు మీద రెండు కుటుంబాలు దిగాయట. ఊళ్ళోవాళ్ళు కూడా మూటలు కట్టుకుని ఇంకా లోపలికి, కొండల వైపు పోదామని తయారయ్యారు. మామ్మ కూడా మూట కట్టింది. తాత నులకమంచం మీద పడుకున్నాడు, లేవలేదు. రావయ్యా అంటే, "నేను నడిచీసినాను, నా వంతు అయిపోనాది. మీరెల్లండి" అన్నాడట. మామ్మ మూట విప్పేసింది. ఈ ముక్క మామ్మ చెప్పేది, నవ్వుతూ.

ఇంకొక్కటి చెప్పాలి. యుద్ధానికి ముందు బర్మా నుంచి ఇండియాకి ఏటా పది లక్షల టన్నులకి పైగా బియ్యం వచ్చేవి. 1942తో అది తెగిపోయింది. 1943లో బెంగాల్ కరువుకి ఉన్న కారణాల్లో అదొకటి, అదొక్కటే కాదు, కానీ ఒకటి. ఇక్కడ కూడా బియ్యం ధర మండిపోయింది. పదమూడేళ్ళు ఆ బియ్యం బస్తాలు మోసి ఓడెక్కించిన మనిషి ఇంట్లో ఆ ఏడు గంజి. ఆ ఏడే మా నాన్న పుట్టాడు.

తర్వాత తాత విశాఖపట్నం పోర్టులో కలాసీగా చేరాడు. పోర్టు 1933లో తెరిచారు, యుద్ధం అయ్యాక పని పెరిగింది. 1947 ఆగస్టు 15 గురించి నేను ఎంతో ఆశగా అడిగాను, తాతా ఆ రోజు నువ్వేం చేశావు అని. స్వాతంత్ర్యం కదా! "ఆ రోజు ఓడ దించలేదు. కూలి ఇస్తారా ఇవ్వరా అని సాయంత్రం దాకా కూకున్నాం" అన్నాడు. ఇచ్చారా తాతా? "గుర్తులేదురా." భూకంపం గంటతో సహా గుర్తున్న మనిషికి ఇది గుర్తులేదు. 1948 మార్చిలో నెహ్రూ వచ్చి జలఉష ఓడని నీళ్ళలోకి దింపింది మాత్రం బాగా గుర్తు, ఎందుకంటే ఎన్నో ఓడల్లో సరుకు దించాను గానీ ఓడనే దించడం అప్పుడే చూశాను అనేవాడు. 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది, 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. మా ఊరు పొలిమేర రాయి ఒక్క అంగుళం జరగలేదు.

దిగిపోయిన మనిషి

ఇంక మూడోది. సరిపోనిది.

చిన్న తాత ఏమయ్యాడు అని అడిగితే తాత ఒకే మాట చెప్పేవాడు. "ప్రోమ్ దగ్గర దిగిపోనాడు." మేం చిన్నపిల్లలం, మాకు దిగిపోవడం అంటే రైలు దిగడం. కాబట్టి చిన్న తాత ప్రోమ్‌లో దిగి అక్కడే ఉండిపోయాడని, ఏదో కిరాణా కొట్టు పెట్టుకుని ఉంటాడని, ఎప్పుడో ఒకరోజు పెద్ద పెట్టెతో వస్తాడని, ఆ పెట్టెలో నాకు వాచీ ఉంటుందని, అలా అనుకుంటూ పెరిగాను. పెద్దయ్యాక చదివాను. ఆ 1942 జనవరి, ఫిబ్రవరిలో ప్రోమ్‌లో నది దాటడానికి వేలమంది ఒడ్డున పడి ఉన్నారు, కలరా వచ్చింది. పుస్తకంలో ఒక్క వాక్యం. ప్రోమ్‌లో కలరా. నాకు అప్పుడర్థమైంది ఎక్కడ దిగిపోయాడో.

పోయాడనడానికి ఇంకో ఆధారం కూడా ఉంది. 1943లో పుట్టిన మా నాన్నకి తాత పెట్టిన పేరు ఆ తమ్ముడి పేరు. మనలో బతికున్న తమ్ముడి పేరు కొడుక్కి పెట్టుకుంటామా? పెట్టుకోం. అంటే తాతకి తెలుసు. లెక్క అయిపోయింది, గీత గీసేయొచ్చు అనుకున్నాను.

1962లో బర్మాలో సైనిక ప్రభుత్వం వచ్చింది, జనరల్ నే విన్. 1964 మార్చిలో దుకాణాలన్నీ జాతీయం చేశారు. మే 17న యాభై, వంద క్యాట్ల నోట్లు చెల్లవన్నారు. మనకి నోట్ల రద్దు 2016లో తెలిసింది, వాళ్ళకి అప్పుడే అయిపోయింది. యుద్ధం తర్వాత మళ్ళీ వెళ్ళి కుదురుకున్నవాళ్ళు, అసలు వెళ్ళిపోకుండా ఉండిపోయినవాళ్ళు, అక్కడే పుట్టినవాళ్ళు, లక్షలమంది ఇండియాకి తిరిగొచ్చారు. బంగారం తేనివ్వలేదు, డబ్బు తేనివ్వలేదు. మద్రాసులో దిగారు, వైజాగ్‌లో దిగారు. కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అంటాం చూశారా, అది వాళ్ళదే. అందరూ రాలేదు కూడా, మౌల్మేన్ వైపు ఊళ్ళలో ఇప్పటికీ తెలుగు కుటుంబాలున్నాయి.

ఆ ఓడలొచ్చేటప్పుడు మా తాత ఇంకా పోర్టులోనే ఉన్నాడు, యాభై దాటాయి. మా నాన్నకి ఇరవై ఒకటి. ఇది మా నాన్న చెప్పిందే, తాత ఎప్పుడూ చెప్పలేదు. కాందిశీకుల ఓడ వచ్చిన ప్రతిసారీ తాత, ఆ రోజు తన డ్యూటీ ఉన్నా లేకపోయినా, వెళ్ళి మెట్ల దగ్గర నిలబడేవాడట. దిగేవాళ్ళ ట్రంకు పెట్టెలు అందుకునేవాడట, డబ్బులు తీసుకునేవాడు కాదట. అందుకుంటూ ప్రతివాళ్ళనీ ఒకటే అడిగేవాడట. "ప్రోమ్ నుంచి ఎవరైనా వచ్చినారా అమ్మా? ప్రోమ్ నుంచి?"

చూశారా? 1943లో పేరు పెట్టేశాడు. 1964లో వెతుకుతున్నాడు. ఈ రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయి? తమ్ముడు పోవడం కళ్ళారా చూశాడా? లేక ఒడ్డున జ్వరంతో, విరేచనాలతో పడున్న తమ్ముణ్ణి వదిలి పడవెక్కేశాడా? దిగిపోనాడు అన్నాడు గానీ చచ్చిపోనాడు అని ఒక్కసారైనా అనలేదే, ఎందుకు? నేను ఎన్నో రకాలుగా వేసి చూశాను. చదివితే దొరికేది కాదు ఇది. భూకంపానికి తేదీ ఉంది, గంట ఉంది, బాంబులకి తేదీ ఉంది. దీనికి లేదు. తాత 1981లో పోయాడు. చివరి రోజుల్లో కూడా నేను అడగలేదు. కుర్రవాణ్ణి, నాకు డిగ్రీ పరీక్షల టెన్షన్.

చివరగా ఒకటి చెప్పి కూర్చుంటాను. మా ఇంట్లో పిల్లలం దాగుడుమూతలు ఆడేటప్పుడు దొంగ అయినవాడు కళ్ళు మూసుకుని అంకెలు చెప్పాలి కదా, మేం ఒకటి రెండు మూడు అనేవాళ్ళం కాదు. తిత్, నిత్, తోన్, లే, ఙా, చవ్ అనేవాళ్ళం. మాకు అది ఆట భాష అనుకున్నాం. తాత నేర్పాడు. బస్తాలు లెక్కపెట్టేటప్పుడు ఆయన అలాగే లెక్కపెట్టేవాడు, వైజాగ్ పోర్టులో కూడా. రెండేళ్ళ కిందట నేను బర్మా క్యాంపులో ఒక పెద్దావిణ్ణి కలిశాను, ఎనభై దాటాయి ఆవిడకి. మాటల్లో ఈ ఆట సంగతి చెప్పి ఆ అంకెలు అన్నాను. చవ్ దగ్గర ఆగిపోయాను, మాకు అంతవరకే వచ్చు. ఆవిడ నా వైపు చూడకుండానే, బియ్యం ఏరుకుంటూ, మిగతావి పది దాకా చెప్పేసింది. నేను చిన్న తాత పేరు చెప్పి, అమ్మా ప్రోమ్ వైపు ఎవరైనా, అని మొదలుపెట్టాను. ఆవిడ బియ్యం చాట పక్కన పెట్టి, "ఏ ఊరు బాబూ మీది?" అంది.

టీ వచ్చినట్టుంది. ఇందాక చేతులెత్తిన తొమ్మిది మందీ వెళ్ళిపోకండి, మీతో పనుంది.